ఫోన్లో నాన్న, కువైట్‌లో అమ్మ

జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాద్, నిర్మల్ పల్లెల్లో 'దుబాయి పోయిండు' అంటే దుబాయికే పోయాడని కాదు. సౌదీ, ఖతర్, ఒమన్, బహ్రెయిన్.. ఏ దేశమైనా అక్కడ దుబాయే. రాయచోటి, రాజంపేట వైపు, కోనసీమలో ఆ స్థానం కువైట్‌ది. రెండు వలసలూ చేరేది ఎడారికే అయినా వెనక మిగిలే ఇళ్లు రెండు రకాలు. ఉత్తర తెలంగాణలో ఇల్లు విడిచేది ప్రధానంగా తండ్రి. ఉమ్మడి కడప, గోదావరి జిల్లాల నుంచి మగవాళ్లతో పాటు పెద్దసంఖ్యలో తల్లులు వెళ్తారు, అరబ్బుల ఇళ్లలో పనికి. యాభై ఏళ్లుగా గల్ఫ్ వలస మీద జరిగిన చర్చంతా వీసాలు, ఏజెంట్లు, జీతాలు, శవపేటికల చుట్టూనే తిరిగింది. వెళ్లిన మనిషి ఇంట్లో రోజూ చేసిన పని ఎవరి నెత్తిన పడిందన్న ప్రశ్న ఆ చర్చలోకి రావడం అరుదు.

1973లో చమురు ధర కొద్ది నెలల్లో నాలుగింతలు కావడంతో గల్ఫ్ దేశాల్లో రోడ్లు, రేవులు, భవనాల పని జోరందుకుంది. అప్పటికే బొంబాయి, భివండీ మగ్గాలకు అలవాటు పడిన కరీంనగర్ ప్రాంతపు మనిషికి ఓడో విమానమో ఎక్కడం కొత్త సాహసమేమీ కాలేదు. వానను నమ్ముకున్న భూములు, ఎండిన బావులు, బోర్ల అప్పులు వెనకనుంచి నెట్టాయి. పని ఒప్పందం సాధారణంగా రెండేళ్లు. వీసా కోసం తెచ్చిన అప్పు నూటికి రెండు, మూడు రూపాయల మిత్తితో పెరుగుతుంది. కేంద్రం దగ్గర నమోదైన ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. ఊళ్లో సబ్‌ఏజెంటు అడిగేది అందుకు కొన్ని రెట్లు. అందువల్ల మొదటి ఏడాది జీతం ఇంటికి చెందదు, అప్పుకు చెందుతుంది. డబ్బు వచ్చిపడుతోందని ఊరు అనుకుంటుంది; ఇంట్లో మాత్రం కూరగాయల బేరం మునుపటికంటే గట్టిగా సాగుతుంది.

ఆ మొదటి ఒప్పందకాలంలో ఇంటిని నిలబెట్టేది తరచుగా బీడీ. ఆకు నానబెట్టడం, కత్తెరతో కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, కట్టలు కట్టి కార్ఖానాలో అప్పగించడం.. వెయ్యి బీడీలంటే ఒక ఆడమనిషి రోజంతా నడుము వంచిన పని. గల్ఫ్‌లో వారపు సెలవైన శుక్రవారం మధ్యాహ్నం ఈ పల్లెల్లో కనిపించే దృశ్యం ఒకటుంది. వాకిట్లో ఆమె ఒళ్లో చాట. చాట అంచుకు ఆనించిన ఫోను. ఫోన్లో ఇనుప మంచాల గది, తీగమీద ఆరేసిన పని బట్టలు, వాటి మధ్య అతని ముఖం. ఎరువు బస్తాలు ఎన్ని తెచ్చావు, బర్రె కట్టిందా, పిల్లవాని ఫీజు ఎంత మిగిలింది.. ఇలా సాగుతుంది మాట. ఆమె జవాబు చెబుతూనే ఉంటుంది, వేళ్లు మాత్రం ఆగవు. మాట ముగిసేసరికి పాతిక బీడీల కట్ట ఒకటి తయారవుతుంది.

భర్త దూరంగా ఉంటే భార్య చేతికి పెత్తనం వస్తుందన్న నమ్మకం ఒకటుంది. కొంతవరకు నిజమే. లీలా గులాటి 1993లో కేరళ గల్ఫ్ కుటుంబాలపై ప్రచురించిన 'ఇన్ ది ఆబ్సెన్స్ ఆఫ్ దెయిర్ మెన్' పుస్తకంలో, బ్యాంకు గడప తొక్కని ఆడవాళ్లు కాలక్రమంలో ఇల్లు కట్టించడం దాకా నేర్చుకున్న తీరు కనిపిస్తుంది. అయితే సోనాల్డే దేశాయ్, మంజిష్ఠా బెనర్జీ 2008లో జాతీయస్థాయి సర్వే వివరాలు పరిశీలించి ఒక మెలిక చూపించారు. భర్త వలస వెళ్లాక వేరుకాపురంలో ఉన్న స్త్రీకి నిర్ణయాధికారం, తిరిగే స్వేచ్ఛ పెరిగాయి. అత్తమామల ఇంట్లో ఉన్న స్త్రీకి ఆ లాభం దక్కలేదు. ఆ ఇంట్లో డబ్బు మామ పేరున వస్తుంది, కోడలు ఎక్కడికి వెళ్లిందో అత్త ఫోన్లో చెబుతుంది. ఇప్పుడు దీనికి వీడియో కాల్ తోడైంది. ఉత్తరాలు పదిహేను రోజులకు చేరిన కాలంలో భార్య తనంతట తాను తీసుకోక తప్పని నిర్ణయాలు, ఈరోజు సాయంత్రం దాకా ఆగి అతన్ని అడగాల్సినవి అయ్యాయి. దూరం తగ్గించిన పరికరమే ఆమె స్వేచ్ఛనూ కాస్త తగ్గించింది. ఫోను గురించి పొగడ్తలే తప్ప ఈ మాట ఎవరూ అనరు.

కాగితం దగ్గరకు వచ్చేసరికి ఆమె ఇంకా చిన్నబోతుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి. ఆ 'తర్వాత' అన్న మాటకు తండ్రి చనిపోయాక అన్న అర్థమే చాలాకాలం చెలామణి అయింది. కొడుకు పేరున బాండ్లు కొనడానికి తన సంతకం చెల్లదన్నందుకు రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకు వెళ్లగా, 1999లో కోర్టు దానికి 'తండ్రి లేనిచోట' అన్న అర్థం చెప్పింది. తండ్రి బతికే ఉండి, పిల్లల బాగోగులు చూసుకునే స్థితిలో లేకపోతే తల్లే సంరక్షకురాలు. గల్ఫ్ ఇళ్లకు ఇంత సూటిగా పనికివచ్చే తీర్పు మరొకటి లేదు. అయినా పాతికేళ్లు దాటాక కూడా బ్యాంకు కౌంటర్లో, తహసీల్దారు ఆఫీసులో 'మీ ఆయన రావాలమ్మా' అన్న మాట వినిపిస్తూనే ఉంది. రేషన్ కార్డుకు ఈ-కేవైసీ అంటే ఇంటిల్లిపాదీ వేలిముద్ర వేయాలి. సౌదీలోని దమ్మాంలో ఉన్న వేలు దుకాణంలోని యంత్రం మీదకు ఎలా వస్తుందో చెప్పేవారు లేక, పేరు తీసేస్తారేమోనన్న భయంతో కుటుంబాలు డీలర్ చుట్టూ తిరిగిన సందర్భాలు ఉన్నాయి.

పిల్లల వైపునుంచి చూస్తే తండ్రి ఒక వేళ. సౌదీ, కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయిది గంటన్నర. ఆరింటికి పని దిగి, బస్సులో క్యాంపు చేరి, స్నానం చేసి, వంటగదిలో వంతు వచ్చాక వండుకుని తినేసరికి అక్కడ ఎనిమిదిన్నర. ఇక్కడ పదకొండు. బడికి పోయే పిల్లవాడు అప్పటికి ఒక నిద్ర తీసి ఉంటాడు. అందుకే ఈ ఇళ్లలో వారమంతటి తండ్రిని శుక్రవారం ఒక్కరోజులో కుదించుకుంటారు. ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుంచి వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారింది. ఇక్కడి బడి సెలవుతో ఆదివారం కలిసివచ్చింది, అదీ ఆ సెలవు వర్తించే పనుల్లో ఉన్నవాళ్లకే.

రెండేళ్లకు ఒకసారి 'చుట్టీ', అంటే సెలవు, దొరుకుతుంది. నెలన్నరో రెండు నెలలో. శంషాబాద్‌లో దిగిన అట్టపెట్టె మీద స్కెచ్‌పెన్నుతో పేరు, ఊరు రాసి ఉంటాయి. లోపల నిడో పాలపొడి, టాంగ్, అత్తరు, పులిబొమ్మ కంబళి. తండ్రి వెళ్లాక పుట్టిన బిడ్డ ఆ పెట్టె దగ్గరకు పోయినంత తొందరగా ఆ మనిషి దగ్గరకు పోదు. ఫోన్లో బిడ్డ చూసింది ముఖాన్నే. నాన్నకు ఒక ఎత్తు ఉంటుందని, వాసన ఉంటుందని, నడిస్తే చప్పుడు అవుతుందని దానికి తెలియదు. ఆ కొత్త పోయేసరికి మూడు వారాలు గడుస్తాయి. మిగతా రోజులు పెళ్లిళ్లకు, పొలం గెట్టు పంచాయితీకి, అప్పులవాళ్లకు పోతాయి. దూరంగా ఉన్న తండ్రి తన లోటును ఒకటి కొనివ్వడంతోనో, ఒకసారి గద్దించడంతోనో పూడ్చాలని చూస్తాడు. అందులో అతని తప్పు వెతకడం అన్యాయం. రెండు నెలల్లో తండ్రితనం నెరపడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

తల్లి వెళ్లిన ఇల్లు మరో రకం. ఇక్కడ చట్టమే ఒక చిత్రమైన పని చేసింది. పదో తరగతి పాసుకాని మహిళ గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలస అనుమతి కావాలి. దానికి కనీసం 30 ఏళ్లు నిండాలి. అదీ ప్రభుత్వ నియామక సంస్థల ద్వారానే పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అలాంటివి. చిన్నవయసు అమ్మాయిల రక్షణ కోసం పెట్టిన నిబంధన ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. అంతకుముందు తరంలో ఇది ఇంకా ఎక్కువ. అలాంటి చోట ముప్పై ఏళ్ల మహిళ అంటే పదేళ్ల పిల్లల తల్లి. అంటే నిబంధన పాటించి వెళ్లే ప్రతి మహిళా దాదాపుగా బడి వయసు పిల్లలను వదిలి వెళ్లేదే. పాటించనివాళ్లు విజిట్ వీసా మీదనో, వయసు దిద్దిన కాగితాల మీదనో వెళ్తారు; ఆపద వస్తే వాళ్ల పేరు ఏ రికార్డులోనూ ఉండదు.

కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించని పని, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు అందులో ఉన్నాయి. పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు. మరుసటి ఏడాది కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు, 2025 నాటి మారకంలో సుమారు 17 వేల రూపాయలు. గల్ఫ్‌లో ఇది మెరుగైన చట్టమే. కానీ ఇల్లు కర్మాగారం కాదు. తనిఖీ అధికారి తలుపు కొట్టడు. ఆమె వీసా కఫీల్ (స్పాన్సర్ యజమాని) పేరుతో ముడిపడి ఉంటుంది, పని నచ్చక గడప దాటితే పారిపోయినట్టు కేసు పడుతుంది. కొన్ని ఇళ్లలో రాత్రి పని ముగిశాకే ఫోను చేతికి ఇస్తారు. అక్కడ పదింటికి గిన్నెలు కడిగి ఆమె ఇంటికి ఫోను చేస్తే ఇక్కడ పన్నెండున్నర. పిల్లలతో మాట్లాడే వీలు లేదు, పిల్లల గురించి మాట్లాడే వీలే ఉంది.

తండ్రి వెళ్తే ఆ పనంతా తల్లి మీద పడుతుంది. మరి తల్లి వెళ్తే తండ్రి మీద పడాలి కదా? పడదు. అమ్మమ్మ మీద పడుతుంది, నాయనమ్మ మీద పడుతుంది, పెద్దకూతురు మీద పడుతుంది. ఫిలిప్పీన్స్‌లో ఇవే రెండు రకాల ఇళ్లను పక్కపక్కన పెట్టి చూసిన సామాజికశాస్త్రవేత్త రేసెల్ పారెన్యాస్ 2005లో ప్రచురించిన 'చిల్డ్రన్ ఆఫ్ గ్లోబల్ మైగ్రేషన్' తేల్చింది కూడా అదే. తల్లి విదేశానికి వెళ్లినా ఇంట్లో మగవాడి పనులు మారలేదు. ఆమె చేసినవి ఇంట్లోని మిగతా ఆడవాళ్లకు పంచారు. తండ్రి డబ్బు పంపితే చాలు, బాధ్యత నెరవేర్చాడని పిల్లలు అనుకున్నారు. తల్లి డబ్బు పంపి, రోజూ ఫోను చేసి, టిఫిన్‌లో ఏం పెట్టారో అక్కడినుంచే కనుక్కున్నా, వదిలేసి వెళ్లిందనే అన్నారు. కడప జిల్లా ఊళ్లో వినిపించే మాటలకు ఇది ఎంతో దగ్గరగా ఉంది. భర్త సౌదీలో ఉంటే 'కష్టపడుతున్నాడు' అంటారు. భార్య కువైట్‌లో ఉంటే గొంతు తగ్గించి మాట్లాడతారు.

పెద్దకూతురి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆమెకు పన్నెండు, పదమూడేళ్లు ఉంటాయి. తెల్లవారుజామున నీళ్లు పట్టి, అన్నం వార్చి, తమ్ముడికి చెడ్డీ వెతికి, అమ్మమ్మకు బీపీ మాత్ర ఇచ్చి బడికి బయల్దేరుతుంది. ఒక్కోరోజు బయల్దేరదు. బడి రిజిస్టర్లో అది గైర్హాజరు. ఆమె చదువు ఆగిపోతే కారణం పేదరికం అని రాస్తారు. నిజానికి ఆ ఇంట్లో అప్పటికి డబ్బు ఉంది, స్లాబు పడింది, ఫ్రిజ్ వచ్చింది. లేనిది ఒక మనిషి. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 'సంరక్షణ గొలుసు' అని పేరు పెట్టింది దీనికే. కువైట్‌లోని పిల్లవాడికి అన్నం తినిపించడానికి రాయచోటి తల్లి వెళ్తుంది. ఆమె పిల్లవాడికి అన్నం తినిపించడానికి ఆమె కూతురు బడి మానుతుంది. గొలుసు మొదట్లో జీతం దినార్లలో ఉంటుంది, చివర్లో అసలు జీతమే ఉండదు.

తల్లి వలసను నిషేధిస్తే సరిపోతుందా? శ్రీలంక ఆ ప్రయోగం చేసింది. 2013 నుంచి అయిదేళ్లలోపు పిల్లలున్న తల్లులు ఇంటిపనికి విదేశం వెళ్లకుండా, కుటుంబ నివేదిక తెమ్మనే నిబంధన పెట్టింది. తండ్రులకు అలాంటి నివేదిక లేదు. ఆడవాళ్లు దొడ్డిదారి వెతుక్కున్నారు, నివేదికల చుట్టూ లంచాలు పుట్టాయి. 2022లో ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చి డాలర్లు కరువయ్యాక ఆ నిబంధనను సడలించింది. ఖజానా నిండుగా ఉన్నప్పుడు గుర్తొచ్చిన పసిపిల్లలు, ఖజానా ఖాళీ అయ్యేసరికి మరుపున పడ్డారన్నమాట. పిల్లల పేరుతో తల్లి కాళ్లకు మాత్రమే కట్టే తాడు పిల్లలకు పనికివస్తుందని చెప్పడానికి ఆధారం తక్కువ.

రావలసినవాళ్లు రాలేకపోయే ఇళ్లూ ఉన్నాయి. కంపెనీ మూతపడో, అకామా (నివాస అనుమతి) గడువు దాటో, కఫీల్ దగ్గరినుంచి బయటపడో కాగితాలు లేకుండా మిగిలినవాళ్లను గల్ఫ్ కార్మికులు 'కల్లివెల్లి' అంటారు. వాళ్లకు చుట్టీ లేదు. క్షమాభిక్ష ప్రకటించేదాకా, దేశం విడిచేందుకు ఔట్‌పాస్ చేతికొచ్చేదాకా ఏళ్లు గడుస్తాయి. కూతురి పెళ్లి ఫోన్లో చూసినవాళ్లు, తండ్రికి తలకొరివి పెట్టలేకపోయినవాళ్లు వీళ్లలోనే ఎక్కువ. ఈ ఎదురుచూపు గల్ఫ్‌కే పరిమితం కాదు. శ్రీకాకుళం తీరంలో చేపలరేవులు లేక మత్స్యకారులు ఏటా నెలల తరబడి గుజరాత్‌లోని వేరావల్ పడవల మీద కూలికి వెళ్తారు. అలా వెళ్లి 2018 నవంబరులో పాకిస్థాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ పద్నాలుగు నెలలు భర్తల విడుదల కోసం ఆఫీసులు తిరిగింది, అప్పులు తెచ్చింది, పిల్లల్ని బడికి పంపింది భార్యలే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడానికి లేదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 275 రూపాయల ప్రీమియంతో రెండేళ్లకు 10 లక్షల బీమా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో గల్ఫ్‌లో మరణించిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల పరిహారం, ఫిర్యాదులకు ప్రవాసీ ప్రజావాణి ప్రకటించింది. గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం ఇస్తామనీ అప్పుడే చెప్పింది. వీటిలో మొదటి రెండూ చావుకు, ప్రమాదానికి సంబంధించినవి. మనిషి క్షేమంగా ఉండి, నెలనెలా డబ్బు పంపుతూ, ఇంట్లో లేకపోవడం అనే మామూలు స్థితిని పట్టించుకున్నది గురుకులం మాట ఒక్కటే. అందుకే ఆ ప్రకటనలో అన్నిటికంటే విలువైన అంశం అది. కాకపోతే అమలు చేయాలంటే ముందు ఆ పిల్లలెవరో తెలియాలి.

తెలియదు. కేరళలో తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1998లో మొదలుపెట్టిన వలస సర్వే కొన్నేళ్లకోసారి జరుగుతోంది. ఏ జిల్లా నుంచి ఎందరు వెళ్లారు, ఎందరు తిరిగొచ్చారు అన్నది అక్కడి ప్రభుత్వానికి అందులోంచి తెలుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో అంత కాలంగా, అంత క్రమంగా సాగుతున్న సర్వే లేదు. డబ్బుకు మాత్రం లెక్క ఉంది. 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల సొమ్ములో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతమని రిజర్వు బ్యాంకు సర్వే చెప్పింది. అమెరికా సాఫ్ట్‌వేర్ జీతం, జగిత్యాల తాపీమేస్త్రీ జీతం ఆ అంకెలో కలిసిపోయాయి.

లెక్క తీయడానికి పెద్ద యంత్రాంగమేమీ అక్కరలేదు. బడిలో పిల్లల్ని చేర్చుకునే పుస్తకంలో తల్లి పేరు, తండ్రి పేరు, వృత్తి రాసే గళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. 'తల్లి/తండ్రి ప్రస్తుతం ఉంటున్న చోటు', 'ఇంటి దగ్గర చూసుకునేవారు' అని మరో రెండు గళ్లు చేరిస్తే, ఏ బడిలో ఎంతమంది పిల్లలు అమ్మమ్మల చేతిలో ఉన్నారో ఒక్క జూన్‌లో తేలిపోతుంది. హాజరు తగ్గుతున్న పెద్దకూతుర్ని ఉపాధ్యాయుడు గుర్తుపట్టడానికి అది చాలు. ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం జరిపింది. 2025 జూన్‌లో 'తల్లికి వందనం' కింద ఒక్కో విద్యార్థికి 13 వేల రూపాయలు తల్లుల ఖాతాల్లో వేసింది. రెండిటిలోనూ తల్లి ఊళ్లోనే ఉంటుందన్న ఊహ ఉంది. కువైట్‌లో ఉన్న తల్లి తరఫున సమావేశానికి వచ్చిన అమ్మమ్మకు ఒక హోదా, తల్లి ఖాతాకు ఆధార్ జతచేసే చిక్కు విప్పడానికి ఒక మార్గం.. ఇంతకుమించి ఖర్చు లేదు. 1999 నాటి తీర్పును ఒక పేజీ సర్క్యులర్‌గా మార్చి బ్యాంకులకు, మండల కార్యాలయాలకు పంపడానికి అసలు ఖర్చే లేదు.

2027లో జనగణన జరగబోతోంది. గణన రోజుల్లో పూర్తిగా దేశం బయట ఉన్న మనిషిని మన జనగణన ఆ ఇంటి లెక్కలో రాయదు. జగిత్యాల వాకిట్లో ఎన్యూమరేటర్ అడిగినప్పుడు భార్య చెప్పే పేర్లలో అతని పేరు ఉండదు. రాయచోటిలో అమ్మమ్మ చెప్పే పేర్లలో పిల్లల తల్లి పేరు ఉండదు.